ఎల్క్‌ను కొట్టే రైఫిల్, పక్కన నిలబడే మనిషి

గలాలీ

ఆ సాయంత్రం మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, ఉన్నవి ముందు చెబుతాను. గోడల పొడవునా ముదురెరుపు సోఫాలు. నడుమ బల్ల మీద ఖర్జూరాలు, నువ్వుల బిస్కెట్లు, కొంగ ముక్కులాంటి మూతి ఉన్న గహ్వా కూజా; గహ్వా అంటే అరబ్బుల కాఫీ. రంగుల బొమ్మలున్న రైఫిల్ క్యాటలాగులు ఒక దొంతర. రెండు ఏసీలు, ఒకదాని బేరింగు అరిగిపోయింది, శబ్దం వింటేనే తెలుస్తోంది. ఇక మనుషులు: ఇంటి యజమాని బూ ఖాలిద్, ఆయన స్నేహితులు ఇద్దరు, ఒకరు రిటైరైన పైలట్, ఒకరు పడవల వ్యాపారి, నేను, తలుపు పక్కన చేతిలో చిన్న కప్పుల దొంతరతో మా అక్క భర్త గంగారాం బావ. బావ తప్ప అందరం కూర్చున్నాం.

నేను హైదరాబాద్‌లో యంత్రాల చప్పుడు, అదురు కొలిచే కంపెనీలో ఇంజినీరును. బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక భవనం కప్పు మీద ఏసీ చిల్లర్ల చప్పుడు కొలవడానికి పంపారు. పని అయ్యాక కొన్ని రోజులు సెలవు పెట్టి, గలాలీలో బావ పనిచేసే ఇంటికి వచ్చాను. మా అమ్మ జగిత్యాలలో అందరికీ కొడుకు దుబాయి పోయిండని చెప్పింది. బహ్రెయిన్ వేరే దేశమని నాలుగుసార్లు చెప్పి ఊరుకున్నాను. బావ కూడా ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటూ దుబాయి అనే అంటాడు.

మన ఇళ్ళలో టీ వద్దంటే ఇంకో కప్పు పోస్తారు. ఇక్కడ మాటతో పని లేదు. గహ్వా చాలనుకుంటే ఖాళీ కప్పును చేతిలో రెండుసార్లు ఊపాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. నాకు తెలియక ఏడెనిమిది కప్పులు తాగాను. ఎనిమిదో కప్పు దగ్గర బావ నా వైపు వంగి మెల్లగా చెప్పాడు: "ఊపు బామ్మర్ది. లేకుంటే నాకు పొద్దుందాక పోసుడే."

బూ ఖాలిద్ మంచి మనిషి. ఇది వెటకారం కాదు. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు, మా నాన్న ఆరోగ్యం అడిగాడు, తన చేత్తో చేప ముల్లు తీసి పెట్టాడు. ఈ శరత్తులో ఆయన పశ్చిమ అమెరికా కొండలకు వేటకు వెళ్తున్నాడు. ఎల్క్ అనే జంతువును కొట్టాలి. మన కణుజు లాంటిదే, ఇంకా పెద్దది. ఎదిగిన మగది మూడు క్వింటాళ్ళు దాటుతుంది. దానికి ఏ రైఫిల్ సరైనదన్నది ఆ మజ్లిస్‌లో నెల రోజులుగా తెగని చర్చ. పైలట్‌ది ఒక మాట, పడవల ఆయనది ఒక మాట.

"నువ్వు ఇంజినీరువి. అమ్మేవాడివి కాదు, వేటగాడివి కూడా కాదు. లెక్క వేసి చెప్పు, ఏది సరైనదో," అన్నాడు బూ ఖాలిద్ ఇంగ్లీషులో.

ఆ ప్రశ్న నాకు నచ్చింది. తుపాకీ అంటే నాకు ఇష్టం లేదు. కానీ బరువు, వేగం, దూరం, వెనక్కి తన్నే బలం, ఇవి ఒకదాన్ని పెంచితే ఇంకొకటి దెబ్బతినే లెక్కలు; అలాంటివి నా తిండి. కొండ ఎక్కాలి కనుక రైఫిల్ తేలికగా ఉండాలి. తేలికైతే భుజాన్ని గట్టిగా తంతుంది. తన్నుతుందని భయపడితే గురి తప్పుతుంది. గురి తప్పితే జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. నాలుగు రోజులు గడువు అడిగాను.

లేచేటప్పుడు బావను పిలిచాను. పలకలేదు. రెండోసారి పిలిచినా పలకలేదు. బూ ఖాలిద్ వేలు కదిపాడు, అంతే, బావ వెళ్ళి ముందు నిలబడ్డాడు. అప్పుడు గమనించాను. బావ వినడం లేదు, చూస్తున్నాడు. ఆయన కళ్ళు యజమాని పెదవుల మీద, చేతుల మీద ఉన్నాయి.

బావ గది

గది ఇంటి వెనక, కారు షెడ్డు పక్కన ఉంది. ఒక మంచం, ఒక ఫ్యాను, మంచం కింద ఒక అట్టపెట్టె. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళ ఏ గదికి వెళ్ళినా ఈ పెట్టె ఉంటుంది. కొన్న మంచి వస్తువు, ఎవరైనా ఇచ్చిన మంచి వస్తువు, ఏదైనా సరే వాడరు. ఇంటికి తీసుకెళ్ళడానికి పెట్టెలో పడుతుంది. బావ నాకు చూపించాడు: సెంటు సీసాలు, షేవింగ్ క్రీము, టార్చిలైటు, బూ ఖాలిద్ ఈద్‌కు ఇచ్చిన మెత్తటి తువ్వాళ్ళు. ఆయన తుడుచుకునే తువ్వాలు మాత్రం అంచులు పీలికలై ఉంది. కొత్తది తీసి వాడుకోరాదా అంటే, నేను పెట్టె తగలబెట్టమన్నట్టు చూశాడు.

మనామా సూక్

శుక్రవారం సూక్‌కు, అంటే పాత బజారుకు, వెళ్ళాం. మాతో సత్యవతి గారు వచ్చారు. కోనసీమ మనిషి, ఆ ఇంట్లో వంట చేస్తారు. బావను తమ్ముడూ అని పిలిచి, తమ్ముడిని తిట్టినట్టే తిడతారు.

కరక్ టీ నూటయాభై ఫిల్సు. ఆ చిక్కదనం మన ఇరానీ టీకి దగ్గర చుట్టం. పొయ్యిలోంచి తీసి చేతికిచ్చే గుండ్రటి ఖుబ్జ్ రొట్టె యాభై ఫిల్సు, మనిషి ముఖం కంటే పెద్దది. బహ్రెయినీ హల్వా రుచి చూడమని దుకాణంవాడే చెంచాతో నోట్లో పెట్టాడు. కుంకుమపువ్వు, యాలకులు, జీడిపప్పు, అన్నిటికీ మించి నెయ్యి. చేపల దగ్గర సత్యవతి గారు సాఫీ చేప మొప్పలు ఎత్తి చూసి, బంగ్లాదేశీ అమ్మకందారుతో తెలుగులోనే బేరమాడారు. వాడు బెంగాలీలో జవాబిచ్చాడు. బేరం కుదిరింది.

దారిలో వెనక నుంచి స్కూటరు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. నేను పక్కకు జరిగాను. బావ జరగలేదు. స్కూటరువాడు ఆయన మోచేతిని రాసుకుంటూ పోయి, వెనక్కి తిరిగి హిందీలో తిట్టాడు.

"చూశారా బాబూ," అన్నారు సత్యవతి గారు నాతో. "ఎడమ పక్క లారీ వచ్చినా ఈయనకి తెలీదండి. నేను వంటింట్లోంచి గొంతు చించుకుంటే పలకరు. ఆ తుపాకీ షూటింగుకి వెళ్ళడం మొదలెట్టాకే ఇదంతా."

"మీ గొంతు ఇనవడకుంటే పాణం సుకంగుంటది అక్కా," అన్నాడు బావ.

ఆవిడ చేపల సంచి ఆయన చేతిలో పెట్టి, అయితే మోయండి, అన్నారు. నాకు నవ్వు రాలేదు.

దక్షిణాన, రేంజి

మర్నాడు నన్నూ తీసుకెళ్ళారు. ఊళ్ళు అయిపోయాక పైపు లైన్లు, తలలూపే చమురు పంపులు, తెల్లటి ఇసుక. సభ్యులకు మాత్రమే ఉన్న షూటింగ్ రేంజి. ఎండకు రేకుల నీడ, కాల్చేవాళ్ళకు బల్లలు. రేంజివాళ్ళ రైఫిళ్ళు మూడు రకాలు బూ ఖాలిద్ ముందు పెట్టారు: టూ సెవెంటీ, థర్టీ ఓ సిక్స్, త్రీ హండ్రెడ్ మాగ్నమ్. ఈ పేర్లలోని టూ సెవెంటీ, థర్టీ, త్రీ హండ్రెడ్ గుండు కొలతలు. మొదటిది మెత్తగా తంతుంది, మూడోది గాడిదలా.

మూడోదాని గొట్టం చివర బొటనవేలంత ఉక్కు ముక్క బిగించి ఉంది, పక్కలకు రంధ్రాలతో. దాన్ని మజిల్ బ్రేక్ అంటారు. పేలినప్పుడు ముందుకు పోవలసిన వాయువును అది పక్కలకు తోస్తుంది. అందువల్ల కాల్చేవాడి భుజానికి దెబ్బ మూడో వంతుకు పైగా తగ్గుతుంది. తగ్గిన దెబ్బ ఎక్కడికీ పోదు. చప్పుడై పక్కన ఉన్నవాళ్ళ మీద పడుతుంది.

పక్కన ఉన్నది బావ. దూరాన అట్ట మీద గుండు ఎక్కడ తగిలిందో దుర్భిణిలో చూసి చెప్పడం ఆయన పని. బూ ఖాలిద్‌కు కుడి వైపు, ఒక అడుగు ముందుకు నిలబడతాడు. బూ ఖాలిద్, స్నేహితులు పెట్టుకున్నవి లోపల మైకులున్న ఖరీదైన చెవిడిప్పలు: మాట వినిపిస్తుంది, పేలుడును మూసేస్తుంది. బావవి ఏదో కట్టడం దగ్గర దొరికిన పసుపు ప్లాస్టిక్ డిప్పలు. అవి అన్నిటినీ మూసేస్తాయి, యజమాని మాటను కూడా. అందుకని బావ ఏం చేస్తాడంటే, కుడి చెవికి డిప్ప పెట్టుకుని, ఎడమది పైకి తోసేస్తాడు. యజమాని ఎడమ పక్కన ఉన్నాడు కనుక. రైఫిల్ కూడా ఎడమ పక్కనే ఉంది.

మొదటి మాగ్నమ్ పేలినప్పుడు నా చొక్కా ఛాతీకి కొట్టుకుంది. చిల్లర్లకోసం తెచ్చిన నాయిజ్ మీటరు సంచిలో ఉంది. తీసి బావ భుజం దగ్గర పెట్టాను. నా మీటరు నూట నలభై డెసిబెల్ దాకా కొలుస్తుంది. అంతకంటే పెద్ద చప్పుడు ఒక్కసారి విన్నా చెవికి నష్టమే. రెండో గుండుకు తెరమీద అంకె రాలేదు. నా వల్ల కాదన్న గుర్తు వచ్చింది. మూడో గుండుకూ అదే. ప్రతి పేలుడుకూ బావ ఎడమ కన్ను ఒక్కసారి మూసుకునేది, వెంటనే దుర్భిణిలోకి వంగి, "రెండు ఇంచీ లెఫ్ట్, అర్బాబ్," అని యజమానికి అరిచి చెప్పేవాడు. చెవి వినకపోయే కొద్దీ మనిషి అరుస్తాడు.

నేను వెళ్ళి ఎడమ డిప్పను కిందికి లాగాను. బావ నా చేయి తోసేశాడు.

తిరుగు దారిలో వాళ్ళ కారు ముందు వెళ్ళింది, సామాను బండిలో మేమిద్దరం వెనక. బండి నడుపుతున్నది బావే. ఆయనకు నేను కుడి పక్కన ఉన్నాను కనుక మాటలు వినిపించాయి. కోపంలో నా గొంతు కూడా పెద్దదే. బుద్ధి ఉందా అని అడిగాను. పెద్దవాణ్ణి అలా అడగకూడదు, అడిగాను.

"అర్బాబ్ పిలిస్తే ఇనవడకపోతే ఎట్లరా?" అన్నాడు. "ఇదివరకు ఎండల ఖర్జూరం చెట్లెక్కి గెలలు కోసేది. ఇప్పుడు నీడకుంటున్న. బండి నా చేతుల ఉన్నది. చెవు ఇనస్తలేదని తెలిస్తే బండి తాళాలు గుంజుకుంటరు, మళ్ల తోటల్నే. నువ్వు ఎల్లుండి ఫ్లైట్ ఎక్కుతవ్, నాకేం జెప్తవ్?"

ఆయన చెప్పింది నిజం. అందుకే కోపం ఇంకా పెరిగింది.

మహూజ్

చెవి పరీక్షకు బావ రానన్నాడు. సత్యవతి గారు, చెవి చూపించుకోకపోతే మా అక్కకు ఫోన్ చేస్తానన్నారు. వచ్చాడు. అపార్ట్‌మెంట్ల కింద చిన్న క్లినిక్. గాజు తలుపు గదిలో బావను కూర్చోబెట్టి పరీక్ష చేసింది ఒక మలయాళీ అమ్మాయి. శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. అద్దం అవతలి నుంచి చూస్తున్నాను. కుడి చెవికి టకటకా నొక్కాడు. ఎడమ చెవికి వచ్చేసరికి బొటనవేలు గాలిలో అలా ఉండిపోయింది. మధ్యలో, నొక్కకపోతే బాగుండదనుకున్నాడేమో, ఊరికే నొక్కాడు. ఆ అమ్మాయి నవ్వి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

పేలుడు చప్పుళ్ళు ముందుగా తినేది నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర వినికిడిని. సరైన చెవికి అక్కడ ఇరవై అయిదు డెసిబెల్ లోపు శబ్దం వినిపించాలి. బావ ఎడమ చెవికి యాభై అయిదు పెడితే గానీ వినిపించలేదు. పోయింది తిరిగి రాదని, చప్పుడు ఈ రోజు ఆపితే మాత్రం ఇక్కడితో ఆగుతుందని ఆ అమ్మాయి హిందీలో రెండుసార్లు చెప్పింది. బూ ఖాలిద్ ప్రయాణానికి ఇంకా ఆరు వారాలుంది. రైఫిల్ ఎంచుకోగానే ఆ ఆరు వారాలూ దానితోనే సాధన. అంటే ఏ రైఫిల్ అన్నది ఇక ఎల్క్ ప్రశ్న కాదు.

"అర్బాబ్‌కు చెప్తే నా మీద ఒట్టే," అన్నాడు బావ మెట్ల మీద.

మళ్ళీ గలాలీ

అదే మజ్లిస్, అదే మనుషులు. బేరింగు ఇంకా అలాగే అరుస్తోంది. నా జవాబు చెప్పాను: థర్టీ ఓ సిక్స్. ఇరవై రెండు అంగుళాల గొట్టం. పైన బిగించే దుర్భిణితో కలిపి మూడున్నర కిలోలు. బ్రేక్ వద్దు. ఎల్క్‌ను మామూలుగా కొట్టే దూరం మూడు వందల గజాల లోపే. ఆ దూరానికి మంచి గుండుతో ఇది చాలు. మాగ్నమ్ అదనంగా ఇచ్చేది జంతువుకు అక్కర్లేదు, భుజానికి మాత్రం తెలుస్తుంది. బ్రేక్ పెట్టి ఆ తన్నును తగ్గించుకోవడం కంటే, తక్కువ తన్నే రైఫిల్‌తో ఎక్కువ సాధన చేయడం మేలు. పైలట్ తలూపాడు. పడవల ఆయన మాగ్నమే అన్నాడు. అంత దూరం వెళ్ళి మూడున్నర వందల గజాల్లో నిలబడిన జంతువును వదిలేస్తామా అన్నాడు.

బూ ఖాలిద్ మనసు మాగ్నమ్ మీదే ఉందని ముఖం చూస్తే తెలుస్తోంది. ఒట్టు గుర్తుంది కనుక దొడ్డిదారిన వెళ్ళాను. అక్కడి కొండల్లో మీ పక్కన ఒక గైడు నిలబడతాడు, బ్రేక్ చప్పుడు అతని చెవి మీద పడుతుంది, చాలామంది గైడులకు బ్రేకున్న రైఫిల్ అంటే గిట్టదు అన్నాను.

బూ ఖాలిద్ వెంటనే నిటారుగా కూర్చున్నాడు. "నిజమా? ఇది నాకెవరూ చెప్పలేదు. పాపం, అతని చెవి పాడు చేయడం తప్పు. బ్రేక్ తీసేద్దాం."

ఎన్నడూ చూడని మనిషి చెవి. దానికోసం ఆయన ముఖంలో నిజమైన బాధ. ఆ సమయానికి బావ ఆయన కుడి పక్కన వంగి గహ్వా పోస్తున్నాడు.

పైలట్ క్యాటలాగు తిప్పి ఒక పేజీ చూపించాడు. మరతో బిగించే బ్రేక్, కావాలంటే తీసేయొచ్చు. బూ ఖాలిద్ సంతోషంగా నా మోకాలు తట్టాడు. మాగ్నమే తీసుకుందాం, కొండల్లో గైడు పక్కన ఉన్నప్పుడు బ్రేక్ తీసేస్తాను, ఇక్కడ సాధనలో మాత్రం ఉంచుతాను, భుజం ఆరు వారాలు ఆగాలి కదా, అన్నాడు. అందరికీ సమ్మతమైంది.

అప్పుడు ఒట్టు తప్పాను. "ఇక్కడ మీ పక్కన నిలబడేది ఇతను," అన్నాను. "ఇతనికి ఎడమ చెవి సగం పోయింది. నిన్ననే పరీక్ష చేయించాను. గైడుకు ఉన్నటువంటి చెవే ఇతనికీ ఉంది." మజ్లిస్‌లో అలా మాట్లాడకూడదని నాకు తెలుసు.

బూ ఖాలిద్ బావ వైపు తిరిగి మెల్లగా హిందీలో అడిగాడు, చెవి నొప్పా గంగా, అని. బావకు మాట అందలేదు, పెదవులు అందాయి.

"మాఫీ ముష్కిల్, అర్బాబ్," అన్నాడు. ఏ ఇబ్బందీ లేదని. నవ్వాడు కూడా. తర్వాత నా వైపు చూసిన చూపులో నవ్వు లేదు.

బూ ఖాలిద్ సిగ్గుపడ్డాడు, అది కూడా నిజమే. రేపే ఇతనికి నావంటి చెవిడిప్పలు తెప్పిస్తాను, మాట కూడా వినిపిస్తుంది, బండి ఇతని దగ్గరే ఉంటుంది, అన్నాడు. స్నేహితులు ఆయనను మెచ్చుకున్నారు. సమస్య తీరిపోయింది. బ్రేక్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను కప్పును ఊపాను.

విమానాశ్రయానికి బావే దింపాడు. దారంతా రోడ్డు వైపే చూశాడు. దిగేటప్పుడు మాత్రం, "బండి గుంజుకోలే, బతికిపోయినవ్," అన్నాడు. డిప్పలు రాగానే పెట్టుకుంటానని, రెండు చెవులకూ పెట్టుకుంటానని, ఆయన చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

హైదరాబాద్

డిప్పలు నేను వచ్చిన మర్నాడే వచ్చాయని బావ ఫోన్‌లో చెప్పాడు. బాగున్నాయా అంటే మస్తున్నాయన్నాడు. నేను నమ్మాను. కొలిచే ఉద్యోగం చేసేవాణ్ణి, కొలవకుండా నమ్మాను.

దసరా ముందు అక్క ఫోన్ చేసింది. సంబరంగా ఉంది. "మీ బావ మా బిడ్డకు చెవులకు పెట్టుకునే డబ్బా పంపుతుండట. మైకులుంటయట అండ్ల. ఇది దీపావళికి పటాకులంటే చెవులు మూసుకొని మంచం కిందికి పోతది గదా, దానికని. సీలు గూడ తియ్యలేదట, పెట్టెల పెట్టిండట."

వెంటనే బావకు ఫోన్ చేసి, ఇంతవరకు ఆయనతో ఎన్నడూ మాట్లాడని మాటలు మాట్లాడాను. ఆయన ఫోన్ కుడి చెవికి మార్చుకునేదాకా ఆగి, మొదటినుంచి మళ్ళీ మాట్లాడాను. బావ అంతా విన్నాడు.

"గంత మంచియి రోజు వాడితే ఖరాబైతయిరా," అన్నాడు. "పాతయి ఉన్నయి గదా."

రేంజిలో బూ ఖాలిద్ ఒకటి రెండుసార్లు అడిగాడట, కొత్తవి ఏవని. బండిలో ఉన్నాయని చెప్పాడట బావ. ఆయన సరేనన్నాడు. తిరిగి చూడలేదు. చూస్తే పసుపు డిప్ప పైకి తోసి ఉండటం కనిపించేది, అడుగు దూరంలోనే ఉంది. ఎవరి మీద కోప్పడాలో వరుస పెట్టి చూసుకున్నాను: అడిగి ఊరుకున్న యజమాని, మాఫీ ముష్కిల్ అన్న బావ, పెట్టె అనే ఆ అలవాటు, నమ్మి ఊరుకున్న నేను. ఆ వరుసలోంచి ఎవరినీ కొట్టేయలేకపోయాను.

బూ ఖాలిద్ కొండలకు వెళ్ళాడు. ఎల్క్ దొరికింది, రెండు వందల అరవై గజాల్లో, ఒకే గుండుకు. గైడు పక్కనే ఉన్నాడు కనుక బ్రేక్ తీసేసి కాల్చాడని పైలట్ నాకు ఫొటోతో పాటు రాశాడు. ఆ దూరానికి నేను చెప్పిన రైఫిల్ చాలు.

ఆ వారంలోనే సత్యవతి గారు బావను మళ్ళీ మహూజ్ తీసుకెళ్ళారు. అదే గది, అదే అమ్మాయి. ఫలితం నాకు వాయిస్ మెసేజ్‌లో పెట్టారు. ఎడమ చెవి, నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర: డెబ్బై డెసిబెల్.